కొలతలోకి చొరబడేవి: కాంతితో పొడవు కొలిచే పరికరాల రూపకల్పన



స్మారకోపన్యాసంలో మొదటి పావుగంట దివంగతుల గుణగణాలకు కేటాయించడం ఆనవాయితీ. ఈ ఉపన్యాసం ఎవరి స్మృతికో ఆ మా మాస్టారి గురించి ఎవరైనా రెండు మంచి మాటలు మొదలుపెడితే "సరే సరే, రీడింగులు చూపించు" అనేవారు. అందుకని ఆ భాగాన్ని ఆయన అడిగే ఒక ప్రశ్నతో సరిపెడతాను. ప్రాక్టికల్ పరీక్షలో విద్యార్థి ఏదో పొడవు కొలిచి, దశాంశ బిందువు తర్వాత నాలుగంకెలు వేసి, ధీమాగా నిలబడేవాడు. ఆయన కాగితం వంక చూడకుండానే, "ఇది కొలిచావు, బాగుంది. దీంతోపాటు ఇంకేమేం కొలిచావు?" అనేవారు.

ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్నకు జవాబే. కాంతి తరంగాలతో పొడవు కొలిచే ఇంటర్‌ఫెరోమీటర్‌ను రూపొందించడంలో తరంగాలను లెక్కపెట్టడం తేలిక పని. మనం కొలవదలచుకోని పొడవులు కూడా చడీచప్పుడూ లేకుండా వచ్చి ఆ లెక్కలో కలుస్తుంటాయి. వాటిని ఒక్కొక్కటిగా గుర్తుపట్టి బయట నిలబెట్టడమే అసలు రూపకల్పన అని నా అభిప్రాయం. ఈ మాట ఒప్పుకోనివాళ్ళు సభలో ఉంటారని తెలుసు. ముఖ్యంగా లేజర్లు తయారుచేసేవాళ్ళు.

పరికరం స్వరూపం మీకు తెలిసిందే. దీపం నుంచి వచ్చిన కాంతిని పలుచటి వెండి పూత పూసిన గాజు పలక రెండు పాయలు చేస్తుంది. ఒక పాయ కదలని అద్దం దాకా, రెండో పాయ కదిలే అద్దం దాకా వెళ్ళి తిరిగొచ్చి కలుసుకుంటాయి. రెండు దారుల తేడాను బట్టి వెలుగు పట్టీలు, చీకటి పట్టీలు ఏర్పడతాయి. కదిలే అద్దం సగం తరంగదైర్ఘ్యం మేర జరిగితే ఒక పట్టీ దాటిపోతుంది. సగమే ఎందుకంటే కాంతి ఆ దూరాన్ని వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి దాటుతుంది గనక. ఎర్రటి హీలియం-నియాన్ లేజర్‌తో అయితే ఒక పట్టీ విలువ సుమారు 316 నానోమీటర్లు. ఆ పట్టీని వంద భాగాలు చేయడం ఈ రోజు ఎలక్ట్రానిక్స్‌కు లెక్కలోది కాదు. కాబట్టి తెర మీద మూడు నానోమీటర్ల దాకా అంకెలు మెరుస్తాయి. ఆ అంకెల్లో ఎన్ని మనం కొలవదలచుకున్న వస్తువువి, ఎన్ని దారిలో ఎక్కినవి అన్నదే తేల్చుకోవాలి.

దీన్ని మొట్టమొదట పెద్ద ఎత్తున తేల్చుకోవలసి వచ్చినవాడు ఆల్బర్ట్ మైకెల్సన్. మన పాఠ్యపుస్తకాలు 1887 నాటి ఈథర్ ప్రయోగానికి పేజీలకు పేజీలు ఇచ్చి, ఆ తర్వాత ఆయన పారిస్ పక్కన సెవ్ర్‌లో చేసిన పనిని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. 1907లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చినవాళ్ళు ప్రశంసలో పేర్కొన్నది మాత్రం కచ్చితమైన కాంతి పరికరాలను, వాటితో చేసిన వర్ణపట, కొలతల పరిశోధనలను. ఈథర్ మాట అందులో లేదు. పాఠ్యపుస్తకాల లోటును ఈ సభలో కొంచెం పూడుస్తాను.

1889 నాటికి మీటరు అంటే సెవ్ర్‌లోని అంతర్జాతీయ తూనికలు, కొలతల బ్యూరో నేలమాళిగలో భద్రపరచిన ఒక కడ్డీ. 90 పాళ్ళు ప్లాటినం, 10 పాళ్ళు ఇరిడియం. దాని మీద గీసిన రెండు సన్న గీతల మధ్య దూరమే మీటరు. ఆ కడ్డీ కాలక్రమాన మారదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. 1870లోనే మాక్స్‌వెల్ లివర్‌పూల్‌లో బ్రిటిష్ అసోసియేషన్ సభలో ప్రసంగిస్తూ, మార్పులేని ప్రమాణాలు కావాలంటే భూగోళాన్నీ లోహాన్నీ వదిలి అణువుల దగ్గర, అవి వెలువరించే కాంతి దగ్గర వెతుక్కోవాలన్నాడు. మాట బాగుంది, చేసి చూపించేది ఎవరు? 1887లో మైకెల్సన్, మోర్లీ ఇద్దరూ కలిసి సోడియం కాంతిని పొడవుకు ప్రమాణంగా చేసే పద్ధతి ఒకటి ప్రతిపాదించారు.

సోడియంతో వచ్చే చిక్కు మన ప్రయోగశాలలో ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం పిల్లలకు కూడా అనుభవమే. అద్దాన్ని మెల్లగా తిప్పుతూ పోతే పట్టీలు ఒకచోట వెలిసిపోయి, మళ్ళీ తేటపడి, మళ్ళీ వెలిసిపోతాయి. రెండు వెలిసిపోయే చోట్ల మధ్య దూరం దాదాపు 0.29 మిల్లీమీటర్లు. సోడియం పసుపు ఒక రంగు కాదు. 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర రెండు రంగులు. రెండింటి పట్టీలు ఒకదాని మీద ఒకటి పడి తుడిచిపెట్టుకుంటాయి. తరంగదైర్ఘ్యాల తేడా కనుక్కోవడానికి ఇది మంచి ప్రయోగమే. మీటరును కొలవడానికి మాత్రం ఇలాంటి దీపం పనికిరాదు. మైకెల్సన్ ఈ వెలిసిపోవడాన్నే పనిముట్టుగా మార్చుకున్నాడు. ఒక్కొక్క మూలకం వెలుగునూ తన పరికరంలో పెట్టి, దారుల తేడా పెరిగేకొద్దీ పట్టీల స్పష్టత ఎలా తగ్గుతోందో చూశాడు. చాలా రంగులు లోపల రెండుగానో మూడుగానో చీలి ఉన్నాయని బయటపడింది. కాడ్మియం ఎరుపు మాత్రం అన్నిటిలోకీ శుద్ధంగా కనబడింది.

బ్యూరో ఆహ్వానం మీద 1892లో సెవ్ర్‌కు వెళ్ళాడు. బ్యూరో డైరెక్టర్ బెన్వా ఆయనకు తోడయ్యాడు.

అక్కడ వాళ్ళు తలపెట్టిన పని పరిమాణం చూడండి. మీటరు పొడవునా కాడ్మియం ఎరుపు సగం తరంగాలు 31 లక్షలకు పైగా పడతాయి. కంటితో చూస్తూ ఒక్కటీ తప్పకుండా అన్ని లెక్కపెట్టడం జరిగే పని కాదు. పైగా కాడ్మియం దీపం ఎంత శుద్ధమైనదైనా మీటరు తేడా దాకా పట్టీలు నిలవవు. అందుకు మైకెల్సన్ వేసిన ఎత్తు రూపకల్పనలో ఇప్పటికీ పాఠంగా చెప్పదగ్గది. ఎదురెదురుగా కాక ఒకే వైపు చూసేలా, ఒకటి ముందు కిందగా, మరొకటి వెనక పైగా, సమాంతరంగా రెండు అద్దాలు బిగించిన చిన్న చట్రం తయారుచేశాడు. ఆ రెండు అద్దాల మధ్య దూరమే ఆ చట్రం పొడవు. ఇలాంటివి తొమ్మిది. అన్నిటికన్నా చిన్నది 0.39 మిల్లీమీటర్లు, ఒక్కొక్కటి దాని ముందుదానికి దాదాపు రెట్టింపు, చివరిది 100 మిల్లీమీటర్లు. చిన్నదాంట్లో పట్టీలు పన్నెండు వందల పైచిలుకు. అన్నిటినీ ఓపిగ్గా లెక్కపెట్టవచ్చు. ఆ తర్వాత ఇక లెక్కపెట్టే పని లేదు. బట్టల కొట్లో గజం బద్దను ఒకసారి వేసి, అంచు దగ్గర వేలు పెట్టి, మళ్ళీ వేసినట్టు చిన్న చట్రాన్ని పెద్ద చట్రం పక్కన రెండుసార్లు జరిపితే చాలు.

వేలి బదులు ఆయన వాడింది తెల్లటి కాంతి. తెల్లటి కాంతికి పట్టీలు రెండు దారులూ దాదాపు సమానమైన చోట మాత్రమే, రంగురంగులుగా, నాలుగైదు కనిపించి మాయమవుతాయి. ఒక అద్దం సరిగ్గా ఫలానా చోట ఉందని చెప్పడానికి అంతకన్నా నమ్మకమైన గుర్తు లేదు. మొదట చిన్న, పెద్ద చట్రాల ముందు అద్దాలు రెండూ ఒకే తలంలోకి వచ్చాయని తెల్ల పట్టీలతో నిర్ధారించుకుంటాడు. పరికరంలోని అద్దాన్ని చిన్న చట్రం వెనక అద్దం దాకా జరుపుతాడు. తర్వాత చిన్న చట్రాన్నే జరిపి దాని ముందు అద్దాన్ని అక్కడికి తెస్తాడు. మళ్ళీ పరికరం అద్దాన్ని జరుపుతాడు. ఇప్పుడు రెండు చట్రాల వెనక అద్దాలూ ఒకేసారి తెల్ల పట్టీలు చూపిస్తే పెద్దది సరిగ్గా రెట్టింపు. కొద్దిగా తేడా ఉంటే ఆ తేడా ఒకటి రెండు పట్టీలు, వాటి భిన్నం. అదొక్కటే కొలిస్తే సరి. ఇలా ఎనిమిది మెట్లెక్కి 100 మిల్లీమీటర్ల చట్రానికి చేరి, దాన్ని పదిసార్లు జరిపి మీటరు కడ్డీ మీది గీతలతో పోల్చారు. ప్రతి మెట్టు దగ్గరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు కాడ్మియం రంగుల భిన్నాలూ చూశారు. పూర్ణాంకంలో ఒకటి తప్పినా మూడు భిన్నాలు ఒకదానితో ఒకటి సరిపోవు, తప్పు వెంటనే దొరుకుతుంది.

వచ్చిన జవాబు: మీటరులో కాడ్మియం ఎరుపు తరంగాలు 15,53,163.5.

పదమూడు, పద్నాలుగేళ్ళ తర్వాత అదే బెన్వా, ఈసారి ఫాబ్రీ, పెరో అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో కలిసి పూర్తిగా వేరే పద్ధతిలో, వేరే రకం ఇంటర్‌ఫెరోమీటర్‌తో మళ్ళీ కొలిచాడు. 1907లో ప్రకటించిన విలువ 15,53,164.13. తేడా 0.63 తరంగం. కోటిలో నాలుగు వంతులు. రెండు బృందాలూ అంతకన్నా జాగ్రత్తగానే పనిచేశాయి. మరి ఆ తేడా ఎక్కడిది?

మాస్టారి ప్రశ్న ఇక్కడ వేయాలి. సెవ్ర్‌లో మొదటిసారి కొలిచింది కడ్డీ పొడవు ఒక్కటే కాదు. ఆ గదిలోని గాలిలో ఉన్న తేమను కూడా కొలిచారు. 1907 నాటి విలువ 15 డిగ్రీల దగ్గర పొడి గాలికి చెప్పినది. మైకెల్సన్ లెక్కలో తేమకు సవరణ లేదు. నీటి ఆవిరి కలిసిన గాలిలో కాంతి పొడి గాలిలోకన్నా రవ్వంత వేగంగా నడుస్తుంది. తరంగం రవ్వంత సాగుతుంది. మీటరులో పట్టే తరంగాల సంఖ్య తగ్గుతుంది. మామూలు గదిలో ఉండే తేమకు ఈ ప్రభావం ఎంతో వేసి చూస్తే కోటిలో మూడు, నాలుగు వంతులు వస్తుంది. తేడాలో చాలా భాగం అక్కడే తేలిపోతుంది. అంటే మైకెల్సన్ అద్దాలు, చట్రాలు, లెక్క అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆయన యంత్రం ఎంత బాగా పనిచేసిందంటే, ఎవరూ అడగకుండానే గాలిలో తేమను కూడా నమోదు చేసింది. ఇంత అందమైన లోపం కొలతల చరిత్రలో నాకు ఇంకొకటి కనబడలేదు.

గాలి సంగతి ఇంకాస్త చూద్దాం. శూన్యంతో పోలిస్తే మామూలు గాలి వక్రీభవన గుణకం 1.00027 దగ్గర ఉంటుంది. మీటరు పొడవు గాలిలో కాంతికి 270 మైక్రోమీటర్లు అదనంగా నడిచినట్టు లెక్క. ఆ 270 స్థిరంగా ఉంటే బాధ లేదు, తీసేయవచ్చు. అది వాతావరణంతో పాటు మారుతుంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే మీటరుకు దాదాపు ఒక మైక్రోమీటరు. పీడనం ఒక హెక్టోపాస్కల్ మారితే 0.27 మైక్రోమీటరు. తేమ పాత్ర వీటికన్నా చిన్నది. మైకెల్సన్‌కు అది సరిపోయింది. మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే విశాఖపట్నంలో సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న గదిలో సరిచూసిన లేజర్ ఇంటర్‌ఫెరోమీటర్‌ను లారీలో హైదరాబాద్ తెచ్చారనుకోండి. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. గాలి పీడనం 60 హెక్టోపాస్కల్స్ పైచిలుకు తక్కువ. విశాఖ తరంగదైర్ఘ్యమే వేసుకుని కొలిస్తే అచ్చంగా మీటరు ఉన్న కడ్డీ హైదరాబాద్‌లో దాదాపు 17 మైక్రోమీటర్లు పొట్టిగా కనిపిస్తుంది. లేజర్ అదే, అద్దాలు అవే, ఉష్ణోగ్రత అదే 20 డిగ్రీలు. అక్కడి బాలానగర్‌లో మంచి టూల్‌రూమ్ నడిపేవాళ్ళు ఎవరూ 17 మైక్రోమీటర్ల తేడాను ఊరుకోరు.

దీనికి మూడు దారులున్నాయి. మొదటిది, గది వాతావరణాన్ని కొలిచి సూత్రంతో గుణకం లెక్కగట్టడం. ఎడ్లెన్ 1966లో ఇచ్చిన సూత్రమూ, సిడోర్ 1996లో ఇచ్చినదీ ఇందుకు వాడుకలో ఉన్నాయి. రెండోది గాలిని నేరుగా కొలిచే రిఫ్రాక్టోమీటర్. మీటరు పొడవున్న గొట్టాన్ని కాంతి దారిలో పెట్టి దానిలోంచి గాలి తోడేస్తూ పోతే దాదాపు 850 పట్టీలు దాటుతాయి. పట్టీలో వందో వంతు చదవగలిగితే గాలి గుణకం వంద కోట్లలో మూడు వంతుల దాకా తెలిసినట్టే. ఇక్కడ కూడా చొరబాటు ఉంది. గాలి తోడేస్తుంటే గొట్టం చివర్లలోని గాజు కిటికీలు బయటి ఒత్తిడికి వంగుతాయి. కాంతి గాజులో నడిచే దారి మారుతుంది. అందుకని రెండో కిరణాన్ని కూడా అవే కిటికీల గుండా, అయితే గొట్టం బయటగా పంపించి, రెండింటి తేడా తీసుకుంటారు. కొలవకూడనిదాన్ని రెండు పక్కలా సమానంగా ఉంచి కొట్టివేయించే ఈ ఉపాయం ఇంటర్‌ఫెరోమీటర్ రూపకర్త చేతిలో ఉన్న అన్ని ఉపాయాలకన్నా బలమైనది. మూడోది మొత్తం పరికరాన్ని శూన్యంలో పెట్టడం. డబ్బుంటే అదే మేలు.

గాలి తర్వాత జ్యామితి. జర్మనీలో యేనా పట్టణానికి చెందిన ఎర్న్‌స్ట్ అబ్బే 1890లో చెప్పిన సూత్రం ఒకటుంది. కొలవాల్సిన పొడవు, కొలిచే స్కేలు ఒకే సరళరేఖ మీద ఉండాలి. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. అమలు చేయబోతే తెలుస్తుంది, యంత్రంలో ఆ రేఖ మీద అప్పటికే ఏదో ఒక స్క్రూ కూర్చుని ఉంటుంది. లేజర్ కిరణాన్ని పక్కకు 100 మిల్లీమీటర్లు జరిపి పెట్టారనుకుందాం. కదిలే బల్ల ఒక్క ఆర్క్ సెకను వంగితే, అంటే డిగ్రీలో 3,600వ వంతు, కొలతలో అర మైక్రోమీటరు తప్పు వస్తుంది. పట్టాలు ఎంత బాగా చెక్కినా ఒక ఆర్క్ సెకను వంపు లేని బల్ల అరుదు. ఇంకో రకం తప్పు, కిరణం కదలిక దిశకు సమాంతరంగా లేకపోవడం. మీటరుకు ఒక మిల్లీమీటరు పక్కకు పోయినా తప్పు అర మైక్రోమీటరే. చూడటానికి రెండూ సమానంగా ఉన్నాయి. స్వభావం మాత్రం వేరు. మొదటిదాంట్లో వంపును సగం చేస్తే తప్పు సగమవుతుంది. రెండోదాంట్లో పక్కదారిని సగం చేస్తే తప్పు నాలుగో వంతుకు పడిపోతుంది. మరొకటి, రెండో తప్పు ఎప్పుడూ ఒకే వైపు, పొట్టి వైపే లాగుతుంది. ఎన్నిసార్లు కొలిచి సగటు తీసినా పోదు.

మైకెల్సన్ చదును అద్దాలు వాడాడు. అవి రవ్వంత వంగినా పట్టీలు చెదిరిపోతాయి. ఆధునిక పరికరాల్లో మూడు అద్దాలు ఒకదానికొకటి లంబంగా అమర్చిన కార్నర్ క్యూబ్ వాడతారు. అది ఎటు వంగినా కాంతిని వచ్చిన దిశకు సమాంతరంగా తిప్పి పంపుతుంది. వర్క్‌షాపులో ఎంతో సుఖం. కానీ నా మటుకు ఆ సుఖం మీద కొంచెం అనుమానమే. చదును అద్దం వంగితే పట్టీలు పోయి మనకు వెంటనే తెలుస్తుంది. కార్నర్ క్యూబ్ వంగితే సంకేతం ఆరోగ్యంగానే ఉంటుంది, అబ్బే తప్పు మాత్రం లోలోపల పెరుగుతుంటుంది.

ఇప్పుడు దీపం సంగతి. 1960లో మీటరుకు కడ్డీ పోయి క్రిప్టాన్-86 ఐసోటోపు నారింజ-ఎరుపు కాంతి వచ్చింది. శూన్యంలో 16,50,763.73 తరంగాలు. ఆ దీపాన్ని నైట్రోజన్ త్రిక బిందువు దగ్గర, 63 కెల్విన్ చలిలో ముంచి వెలిగించాలి. అంత చేసినా దాని పట్టీలు మీటరు తేడా దాకా నిలవవు. ఆ ఏడాదే లేజర్ పుట్టింది. 1962లో హీలియం-నియాన్ గొట్టం ఎర్రగా వెలిగింది. 1983లో నిర్వచనం మళ్ళీ మారింది. సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో కాంతి శూన్యంలో నడిచే దూరమే మీటరు. దాంతో ఏ లేజర్ పౌనఃపున్యం కచ్చితంగా తెలిస్తే ఆ లేజరే స్కేలు.

ప్రయోగశాలలో వాడే మామూలు హీలియం-నియాన్ గొట్టం, ఏ నియంత్రణా లేకుండానే, పది లక్షల్లో ఒకటిన్నర వంతు దాకా నమ్మదగ్గది. నియాన్ పరమాణువే ఆ హద్దు గీసి పెట్టింది. విద్యార్థి ప్రాజెక్టుకు అది చాలు. ఇంకా కావాలంటే లేజర్‌ను అయోడిన్ ఆవిరి శోషణ రేఖకు కట్టేస్తారు. అప్పుడు అనిశ్చితి లక్ష కోట్లలో ఇరవై వంతుల స్థాయికి దిగుతుంది. న్యూఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలలో మన దేశపు మీటరు ఇలా అయోడిన్‌కు కట్టిన ఎర్రటి లేజరే.

వర్క్‌షాపు కోసం మరో రకం చిక్కు తీర్చాల్సి వచ్చింది. ఒకే పౌనఃపున్యం వాడితే వెలుగు తగ్గడం పట్టీ వల్లనా, అద్దం మీద నూనె మరక వల్లనా చెప్పలేం. 1970లో హ్యూలెట్-పాకార్డ్ తెచ్చిన పరికరంలో లేజర్ గొట్టాన్ని అయస్కాంత క్షేత్రంలో పెట్టి దాదాపు రెండు మెగాహెర్ట్జ్ తేడాతో రెండు పౌనఃపున్యాలు పుట్టించారు. రెండూ కలిస్తే వచ్చే విస్పందనాల (బీట్ల) రేటు వెలుగు మీద ఆధారపడదు. అద్దం కదిలితే ఆ రేటు మారుతుంది, మరక పడితే మారదు. చాలా చక్కని ఆలోచన. దీనికి చెల్లించిన ధర వేరే చోట ఉంది. రెండు పౌనఃపున్యాలనూ ధ్రువణం ఆధారంగా విడదీస్తారు. విడదీసే గాజు దిమ్మ పరిపూర్ణంగా ఉండదు. ఒక దారిలో పోవాల్సిన కాంతి చుక్క రెండో దారిలోకి కారుతుంది. ప్రతి పట్టీకీ ఒకసారి పైకీ కిందికీ ఊగే కొన్ని నానోమీటర్ల తప్పు వస్తుంది. చిప్‌లు గీసే యంత్రాల వాళ్ళకు అది ఇప్పటికీ పోరాటమే. లేజర్ అతి శుద్ధత వల్ల మరో బెడద కూడా ఉంది. పాత దీపాల్లో చిల్లర ప్రతిబింబాలు పట్టీలు వేసేంత దూరం వచ్చేవి కావు. లేజర్‌తో ప్రతి లెన్సు వెనక ముఖమూ తన సొంత ఇంటర్‌ఫెరోమీటర్ తయారుచేసుకుంటుంది.

కిరణం నిజంగా సమాంతరంగా ఉందో లేదో తేల్చుకోవడానికి అందరూ వాడే చిన్న సాధనం ఒకటి ఉంది. ఒక్క సమతల గాజు పలకను కిరణానికి వాలుగా పెడితే దాని ముందు ముఖం, వెనక ముఖం పంపే ప్రతిబింబాలు పక్కపక్కకు జరిగి ఒకదాని మీద ఒకటి పడి పట్టీలు వేస్తాయి. పలక రెండు ముఖాలూ అచ్చంగా సమాంతరమైతే, కిరణం సరిగ్గా ఉన్నప్పుడు పట్టీలన్నీ పోయి ముఖమంతా ఒకే వెలుగు. 1964లో 'అప్లైడ్ ఆప్టిక్స్' పత్రికలో దీన్ని లేజర్‌తో వాడి చూపించినది ఎం.వి.ఆర్.కె. మూర్తి గారు. ఆయన పేరుమీదే దాన్ని ప్రపంచమంతా పిలుస్తారు. పలక ఖర్చు కొద్దిగా, పని బోలెడు. నాకు అలాంటి పరికరాలంటే మక్కువ ఎక్కువ.

వర్క్‌షాపులో రోజూ వినే మరో మాట డెడ్ పాత్. సున్నా నొక్కే సమయానికే కదిలే అద్దం కాంతిని చీల్చే పలకకు 200 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకోండి. కొలిచే కదలిక పది మిల్లీమీటర్లే కావచ్చు. ఆ 200 మిల్లీమీటర్ల గాలిలో ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే అద్దం కదలకుండానే 0.2 మైక్రోమీటరు కదిలినట్టు తెర చూపిస్తుంది. సవరణ సాఫ్ట్‌వేరు కూడా కదలికకే సవరణ చేస్తుంది తప్ప ఈ ముందు గాలికి చేయదు, విడిగా చెప్పకపోతే. నివారణ గీసే బల్ల దగ్గరే ఉంది. సున్నా దగ్గర రెండు దారులూ సమానంగా ఉండేలా అమర్చాలి.

ఇక స్లిప్ గేజ్‌లు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో స్వీడన్‌లో యొహాన్సన్ తయారుచేసిన ఉక్కు దిమ్మలు. ఒకదానికొకటి నొక్కి జరిపితే అతుక్కుపోతాయి. దాన్నే రింగింగ్ అంటారు. వాటిని కొలిచే ఇంటర్‌ఫెరోమీటర్‌లో దిమ్మను చదునైన పలక మీద అతికించి, దిమ్మ పై ముఖం మీదా, పలక మీదా పడ్డ పట్టీల మధ్య జరుగుబాటు చూస్తారు. పట్టీల భిన్నం మాత్రమే కనిపిస్తుంది, పూర్ణాంకం కనిపించదు. రెండు మూడు రంగులతో భిన్నాలు తీసి, అన్నిటికీ సరిపోయే పొడవు ఒక్కటే ఉండేలా వెతుకుతారు. సెవ్ర్ పద్ధతే మరో రూపంలో. మరి ఇక్కడ అడగకుండా కొలిచేవి ఏవి? దిమ్మకూ పలకకూ మధ్య ఇరుక్కున్న పలుచటి పొర ఒకటి. ఇంకొకటి మరీ వింతైనది. ఉక్కు మీద పరావర్తనం చెందే కాంతి, గాజు లేక క్వార్ట్జ్ మీద పరావర్తనం చెందే కాంతి ఒకే లోతు నుంచి తిరిగొచ్చినట్టు ఉండవు. లోహాన్ని బట్టి, గరుకుదనాన్ని బట్టి పదుల నానోమీటర్ల తేడా రావచ్చు. దిమ్మ, పలక ఒకే లోహం, ఒకే మెరుగుతో ఉంటే ఇది చాలావరకు కొట్టుకుపోతుంది. మళ్ళీ అదే ఉపాయం.

గురుత్వ తరంగాలను పట్టే లైగో గురించి ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు, ముందే చెబుతాను. నాలుగు కిలోమీటర్ల భుజాలున్న ఆ ఇంటర్‌ఫెరోమీటర్లు 2015 సెప్టెంబర్ 14న పట్టుకున్న కదలిక ప్రోటాన్ వ్యాసంలో అతి చిన్న భాగం. అయితే లైగో కొలిచేది పొడవులో మార్పును, పొడవును కాదు. భుజం కచ్చితంగా ఎన్ని మీటర్లన్న ప్రశ్నకు జవాబు దానికి అక్కర్లేదు. అందుకే అక్కడ రూపకల్పనంతా కంపనాల మీద, శూన్యం మీద సాగుతుంది. మన పొరుగున హింగోలి జిల్లా ఔంఢాలో, 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ప్రాంతంలో, దాని భారతీయ జంట రాబోతోంది. 2023లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. మీలో కొందరు అక్కడ పనిచేస్తారనే అనుకుంటున్నాను.

చివరగా ఈ విభాగంలో ఇంటర్‌ఫెరోమీటర్ ఒకటి కట్టాలనుకునేవారికి ఒక లెక్క. వస్తువు 100 మిల్లీమీటర్ల ఉక్కు స్లిప్ గేజ్. అయోడిన్‌కు కట్టిన లేజర్ వల్ల వచ్చే అనిశ్చితి 0.002 నానోమీటరు. దానికన్నా చాలా చవకైన, బజారులో దొరికే స్థిరీకరించిన లేజర్ అయితే ఒక నానోమీటరు అనుకుందాం. గాలి పీడనం 10 పాస్కల్స్ తప్పు చదివితే 2.7 నానోమీటర్లు. ఇప్పుడు దిమ్మ ఉష్ణోగ్రతను డిగ్రీలో నూరో వంతు తప్పు చదివామనుకోండి. ఉక్కు మీటరుకు, డిగ్రీకి 11.5 మైక్రోమీటర్లు సాగుతుంది. మన దిమ్మ 11.5 నానోమీటర్లు తప్పుతుంది. కొలతలకు ప్రపంచమంతా 20 డిగ్రీలని 1931లోనే ఒప్పుకున్నా, మన గది 20.1 దగ్గర నిలబడి, ఉక్కు వ్యాకోచ గుణకం పది శాతం దాకా సందేహంగా ఉంటే మరో 11.5 వచ్చి చేరుతుంది. పరికరం పక్కన నిలబడ్డ మనిషి వంద వాట్ల హీటరు. కాబట్టి కళ్ళు కటకం దగ్గర పెట్టకుండా బయటి నుంచి కెమెరాతో చూసే ఏర్పాటు, దిమ్మను రాత్రంతా గదిలో ఉంచే ఓపిక, దిమ్మకే తగిలించిన ప్లాటినం థర్మామీటర్ ఒకటి కావాలి. ఆ థర్మామీటర్‌ను 0.01 డిగ్రీల దగ్గర నీటి త్రిక బిందువుతోనూ, 29.7646 డిగ్రీల దగ్గర గాలియం కరిగే బిందువుతోనూ సరిచూడండి. ప్రతిపాదన కాగితంలో లేజర్ ధర పెద్దగా కనిపిస్తుంది గనక మంజూరు చేసేవాళ్ళు దాని గురించే అడుగుతారు. నేనైతే ముందు గాలియం సెల్ కొంటాను, మిగిలిన డబ్బుతో ఎంత లేజర్ వస్తే అంత.